దక్షిణం కిటికీ, సుద్ద గీతలు

మా అమ్మాయికి రెండో ఏడు నడుస్తుండగా ఇల్లు కట్టుకున్నాం. అంతకు ముందు అగ్రికోలో, కంపెనీ క్వార్టరులో గడిపిన చలికాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. ఉత్తరం వైపు గది, ఎండ పొడ తగిలేది కాదు. బొగ్గుల కుంపటి పెడితే పొగకి పిల్ల ఛాతీలో పిల్లికూతలు. తీసేస్తే చలికి పిల్లికూతలు. “పొగ తగలకూడదు, గది మాత్రం వెచ్చగా ఉండాలి” అన్నారు డాక్టరుగారు. నిప్పు లేని వెచ్చదనం ఎక్కణ్ణుంచి తేను?

కాలేజీలో ఫిజిక్సు చదివినదాన్ని. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడని తెలుసు. ఊరి చివర పర్సుడీహ్ దాటాక గుట్ట వాలులో మాకు కాస్త స్థలం ఉంది. అక్కడ దక్షిణం గోడకి నేల దాకా దిగే గాజు కిటికీలు, పైన సన్‌షేడు, లోపల ఎండని పీల్చుకునే నల్లటి మందపాటి గచ్చు. నోటుపుస్తకంలో బొమ్మ గీసి మావారికి చూపించాను. ఆయన పని ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర.

“రోజంతా వేడిలో సచ్చి ఇంటికొత్తే, ఇంట్లో కూడా ఫర్నేసు కడతావేటే?” అని నవ్వి, సరేనన్నారు.

అత్తగారు అనలేదు. “దచ్చినం గోడకి అంతేసి కన్నాలేటే? యముడికి దారి సూపిత్తన్నావా?”

శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీదీ ఆవిడ మాటే. “మా ఊర్లో గొడ్ల సాలకి కూడా ఇటు కిటికీ ఎట్టమమ్మా. రేపు నన్ననకండి” అంటూనే కట్టాడు.

నడివేసవిలో ఇంట్లో దిగాం. సూర్యుడు నడినెత్తిన. కిటికీలోంచి చారెడు ఎండ కూడా లోపల పడలేదు. వేసవిలో పడకూడదనే సన్‌షేడు వేయించానంటే ఎవరు నమ్ముతారు?

“సదూకున్న కోడలు ధూప్ కోసం, అదే ఎండ కోసం, కిటికీ ఎట్టించింది. ధూప్‌కి ఇల్లే మాలూమ్ లేదు” అని అత్తగారు పక్కింటావిడతో సగం హిందీలో అంటుంటే నేనూ నవ్వాను. లోపల మాత్రం బెంగ. లెక్క తప్పితే? మళ్లీ పిల్లకి ఆయాసం వస్తే?

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం కిటికీ కింద గచ్చు మీద జానెడు వెలుగు! సుద్దముక్కతో అది ఆగినచోట గీత గీశాను. వారానికో గీత. దసరాకి మూరెడు దాటింది, దీపావళికి రెండు మూరలు. పన్నెండు కొట్టేసరికి చేతిలో గరిటె ఉన్నా పరుగెత్తేదాన్ని. మావారు సైకిలు దిగుతూనే “ఏడిదాకా వచ్చింది?” అనేవారు. అత్తగారు కూడా గచ్చు తుడిచేటప్పుడు గీతలు వదిలేసి తుడిచేవారు.

డిసెంబరులో ఎండ పిల్ల మంచం కోడు తాకింది. ఆ సాయంత్రం గుట్ట వెనక పొద్దు వాలిపోయింది, బయట చలి కరుస్తోంది. పిల్ల వట్టి కాళ్లతో గచ్చు మీద ఆడుతోంది. గచ్చుకి చెయ్యి ఆనించి చూశాను, ఇంకా వెచ్చగానే ఉంది. పిల్లని ఒళ్లోకి లాక్కుని వీపుకి చెవి ఆనించాను.

“కూత ఇనపడతందేటే?” అన్నారు అత్తగారు.

“లేదత్తయ్యా.”

“నువ్వు సరిగ్గా ఇన్నావో లేదో. ఇటియ్యి.” ఆవిడా చెవి ఆనించారు. చాలాసేపు. తర్వాత ముఖం ఎత్తి, “లేదే!” అన్నారు.

గేటు దగ్గర సైకిలు చప్పుడైంది. నేను వాకిట్లోకి పరుగెత్తాను. నన్ను చూసి మావారి ముఖం పాలిపోయింది.

“ఏటైందే? పిల్లకేటైంది?”

“ఏమీ కాలేదండీ!” అని అరిచాను. “ఏమీ కాలేదు!”