సింగపూర్ నుంచి మిరప కల్లం దాకా

ఒక పురుగుమందుల కంపెనీ మా ప్రత్తిపాడు రైతుల్ని కొందరిని నాలుగు రోజులు సింగపూర్ తిప్పింది. టికెట్టు, బస, తిండి అన్నీ వాళ్లవే. ఉచితమనేసరికి, కోసిన మిరపకాయ కల్లంలో ఎండుతోందన్న సంగతి కూడా నాకు అడ్డు రాలేదు. చూసినవన్నీ బాగానే ఉన్నాయి. తిరుగు ప్రయాణం గురించే చెప్పాలి.

ఉదయం తొమ్మిదిన్నరకి సింగపూర్ విమానాశ్రయంలో కూర్చుని ఉండగా నా భార్య సుజాత ఫోన్ చేసింది.

“పట్టాల గది తాళంచెవి ఎక్కడ పెట్టారండీ? తూర్పున మబ్బు పట్టింది.”

నా చెయ్యి నడుము మీదికి పోయింది. తాళంచెవి మొలతాడుకే ఉంది. పొలంలో ఎక్కడైనా జారిపోతుందని ఏళ్ల తరబడి అక్కడే కట్టుకుంటున్నాను. వెళ్లేటప్పుడు తనిఖీ దగ్గర దానికి మిషను కుయ్యిమంటే అందరం నవ్వుకున్నాం కూడా.

“నా దగ్గరే ఉంది. పగలగొట్టించెయ్.”

“ఇనుప షట్టరండీ! ఇద్దరు గునపాలతో ఎప్పట్నించో కొడుతున్నారు, కదిలితేగా!”

అంతలో విమానం ఎక్కమన్నారు. కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. ఎండిన కాయ ఒకసారి తడిస్తే బూజు పడుతుంది, మిర్చి యార్డులో ఎవరూ ముట్టరు.

పదింటికి లేచాం. హైదరాబాదుకు మూడు వేల మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు, నాలుగున్నర గంటలు. ఎదుటి తెర మీద బొమ్మ విమానం బంగాళాఖాతం దాటుతూ ఉంటుంది. మనసు బాగా లేనప్పుడు దాన్ని చూడకండి, అసలు కదలదు. భోజనం పెట్టారు, ఏం తిన్నానో తెలియదు. కిటికీలోంచి చూస్తే కింద సందు లేకుండా మబ్బు. అదీ మా ఊరికే బయల్దేరిందనిపించింది.

పక్క సీట్లో తాడేపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. “ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?”

“కల్లంలో కాయ ఉందండీ. పట్టాల తాళంచెవేమో నా దగ్గరుంది.”

ఆవిడ కాసేపు కిందికి చూసింది. “ఈ మబ్బుకంటే మనమే ముందెళ్తాంలే,” అని, “హైదరాబాదులో దిగి మళ్లీ కారెక్కాలిగా నువ్వు,” అంది. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకి దిగాం. ఫోన్ రింగవుతోంది, సుజాత ఎత్తడం లేదు. ఒంటిగంటకి కారు బయల్దేరింది. విమానం ఎంతసేపో అందరూ చెబుతారు గానీ, తర్వాతి ఈ ఐదున్నర గంటల సంగతి ఎవరూ చెప్పరు. మిర్యాలగూడలో తోటి రైతులు భోజనానికి ఆపమన్నా నేను ఆపనివ్వలేదు. పిడుగురాళ్ల దాటాక అద్దం మీద చినుకులు పడ్డాయి.

ఆరున్నరకి కల్లం చేరాను. తడి నేల మీద మూడు కుప్పలున్నాయి. రెండింటి మీద ఎవరెవరి పట్టాలో కప్పి ఉన్నాయి. మూడోదాని మీద, మావాళ్లు సెంటర్లో నాకోసం కట్టిన ‘విదేశీ యాత్రకు శుభాకాంక్షలు’ ఫ్లెక్సీ. అందులో నిలువెత్తు నేను, నల్ల కళ్లజోడు పెట్టుకుని దండం పెడుతున్నాను. అంచు ఎత్తి గుప్పెడు కాయ తీసి ఊపాను. లోపల గింజ గలగలమంది. నాకు ఏడుపు ఆగలేదు.

సుజాత కొంగుతో తల తుడుచుకుంటూ వచ్చింది.

“ఏడుపు తర్వాతండీ. మీ మొహం మీద నీళ్లు నిలిచాయి, కాయలోకి దిగకముందే తోడండి.”