సీలు లేని అంబలి

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వార్డులో నర్సుని. డ్యూటీలో కుర్చీ అడ్డమొస్తే పక్కకు తోసేసి పని చూసుకునే రకం. చర్చిలో ప్రసంగం కాస్త సాగితే చాలు, నా కాలు ఊగడం మొదలవుతుంది. పక్కనున్న మా ఆయన మోచేత్తో పొడుస్తాడు. అలాంటి నన్ను బెంగళూరులో జరిగిన అంతర్జాతీయ పరుగు పోటీల్లో, ఒకే మనిషిని రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండే పనిలో పెట్టారు.

వాలంటీర్లు కావాలట, ఆడ నర్సులైతే మరీ మంచిదట అని మా డాక్టరమ్మ చెప్పింది. ఊరికే పోటీలు చూడొచ్చు గదా అని ఎగిరి గంతేసి పేరిచ్చాను. తీరా వెళ్తే నాకు పడింది డోపింగ్ పరీక్షల గది. నిషేధించిన మందులేమైనా వాడారేమోనని గెలిచినవాళ్ల మూత్రం పరీక్షకు తీసుకుంటారు. పరుగు ముగిసిన క్షణం నుంచి ఆ నమూనా ఇచ్చేదాకా క్రీడాకారిణి వెనకే ఒక ఆడమనిషి ఉండాలి. ఆమె పతకం తీసుకోవడానికి వెళ్లినా, బట్టలు మార్చుకోవడానికి వెళ్లినా, కంటికి మాత్రం దూరం కాకూడదు. ఆ ఆడమనిషిని నేను. గోడ అవతల జనం హోరెత్తుతుంటే, ఎవరు గెలిచారో తెలియక లోపల నేను కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

చివరి రోజు సాయంత్రం నాకు అప్పగించిన పిల్లకు దూరపు పరుగులో మూడో స్థానం వచ్చింది. మన దేశపు జెర్సీలో ఉంది. ఆమె పతకం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది, పరీక్షలో ఏ తప్పూ తేలలేదు. ముందే చెప్పేస్తున్నాను. ఈ సంగతి కోసం చదివేవాళ్లను చివరిదాకా కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు.

పరీక్ష విషయం ఇంగ్లీషులో చెప్పి సంతకం పెట్టించుకున్నాను. ఆ పిల్ల తల పట్టుకుని, తనలో తనే అనుకున్నట్టు, "ఇప్పుడు యాడొస్తాది, ఒంట్లో నీళ్లే లేవు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరు పాపా మీది?"

"కుప్పం దగ్గర పల్లె మేడం. మీది?"

"ఉండేది మదనపల్లె. పుట్టింది పుంగనూరు."

అంతే, మేడం పోయి అక్క అయ్యాను.

గదిలో సీలు వేసిన నీళ్ల సీసాలు వరసగా పెట్టి ఉంటాయి. ఎవరికి కావలసింది వాళ్లే ఎంచుకోవాలి, మేం చేతికివ్వకూడదు. ఈ పిల్ల ఒకటి తర్వాత ఒకటి గటగటా తాగేస్తోంది. "అంత తాగొద్దు, నిదానించు" అన్నాను. వినలేదు. వాళ్లమ్మ పొద్దున రైలెక్కి వచ్చి గేటు బయట ఉందట. ఇంటి దగ్గర పాలావులను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చిందట. రాత్రి రైలుకే తిరిగి వెళ్లాలట. నెలల తరబడి శిక్షణ శిబిరంలో ఉన్న ఈ పిల్ల తల్లిని చూసి చాలా కాలమైంది.

నేను భయపడినట్టే అయింది. నమూనా అయితే ఇచ్చింది గానీ, అన్ని నీళ్లు తాగడంతో అది మరీ పలచగా ఉంది, పనికిరాదు, ఇంకోసారి ఇవ్వాలన్నారు. ఫోను మోగుతూనే ఉంది. "వస్తాండామ్మా, వస్తాండా" అంటూ ఆ పిల్ల గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తోంది. ఆమె వెనక నేను. ఎవరు ఎవరికి కాపలానో తెలియనట్టు ఇద్దరం తిరుగుతున్నాం. చివరికి నాకే ఉక్కపోసి, పరీక్షల అధికారిణి దగ్గరకు వెళ్లి, నా కళ్లముందే ఉంచుకుంటాను, గేటు దాకా తీసుకెళ్తానని అడిగాను. సరేనంది, వెంటనే రమ్మంది.

గేటుకు ఇనుప జాలీ. అవతల వాళ్లమ్మ, చేతిలో గుడ్డ సంచి. పతకం చూడలేదు, బిడ్డ ముఖమే చూసింది.

"ఏందే ఇట్ల సిక్కిపోయినావు?"

సంచిలోంచి కూల్‌డ్రింకు సీసా ఒకటి తీసి గేటు సందులోంచి లోపలికి పెట్టింది. రాగి అంబలి.

"నిన్ననే కాసిపెట్టినా. బాగా పులిసుండాది. తాగు."

ఆ పిల్ల సీసా రెండు చేతులతో అందుకుంది. మూత మీద వేళ్లు పెట్టి, నా వైపు చూసింది.

"తాగొచ్చా అక్కా?"

వద్దనే అధికారం నాకు లేదు. శిక్షణలో మాకు నేర్పిన మాట ఒకటుంది, అదే చెప్పాలి. చెప్పాను. "నీ ఇష్టం పాపా. సీలు లేనిది ఏది తాగినా, రేపు ఏదన్నా తేలితే జవాబుదారీ నీదే."

తల్లి ముందర ఆ మాట అనడం ఎంత పాడుగా ఉంటుందో నోరు దాటాక గానీ తెలియలేదు. ఆ పిల్ల వేళ్లు మూత మీద నుంచి జారాయి. "ఇప్పుడొద్దులేమ్మా" అంది.

"యాల? నేనేమన్నా మందు పెట్టినానా?"

"అది కాదమ్మా," అని నేను అందుకున్నాను. "మీ బిడ్డ కష్టాన్ని ఎవరూ వేలెత్తి సూపకుండా ఉండాలని..."

"ఈ అంబలి తాగే గదమ్మా అది పరిగెత్తడం నేర్సింది. అప్పుడు లేని అనుమానం ఇప్పుడెట్ల వచ్చె?"

నాకు ఆ నిబంధన మీద కోపమొచ్చింది, నిబంధన సరైనదే అని తెలిసినందుకు ఇంకా కోపమొచ్చింది. కాళ్లు ఒక్కచోట నిలవడం లేదు. రైలు టైమవుతోంది, వాళ్లమ్మ కదలడం లేదు.

నన్నే ఎగాదిగా చూసి, "నువ్వేమన్నా తిన్నావా అమ్మా?" అంది.

"లేదమ్మా."

"అయితే నువ్వు తాగు. నీకు పరీచ్చ లేదు గదా. మళ్లీ మోసుకోని పోలేను."

నేను నసిగాను. ఆ పిల్లే సీసా నా చేతిలో పెట్టింది. "తాగక్కా. లేకుంటే మా యమ్మ ఈడ్నించి కదల్దు."

తాగాను. సీసా ఎత్తినా చూపు ఆమె మీదే ఉండాలి, కాబట్టి ఆ పిల్లను చూస్తూనే తన కోసం తెచ్చిన అంబలి తాగాను. ఆ పిల్ల నా గొంతునే చూస్తోంది. వాళ్లమ్మ ఖాళీ సీసా తీసుకుని, పైట కొంగుతో సీసా మూతి తుడిచి, సంచిలో వేసుకుంది. జాలీలోంచి రెండు వేళ్లు దూర్చి బిడ్డ చెంప తాకి, "పోయొస్తా" అని రోడ్డు వైపు గబగబా నడిచింది. మలుపు తిరిగేదాకా ఆ పిల్ల చూస్తూ నిలబడింది.

"పులిసిందా అక్కా?"

"బాగా పులిసింది."

"ఎర్రగడ్డ తరిగేసిందా?"

"ఏసింది. సన్నగా."

ఆ పిల్ల జాలీకి నుదురు ఆనించి ఏడ్చింది, పతకం ఇనుముకు తగిలి టకటకమంటుండగా. ఎదుటి మనిషి అలా ఏడుస్తుంటే ఎవరైనా ముఖం పక్కకు తిప్పుకుంటారు, వార్డులో నేను ఎన్నోసార్లు తిప్పుకున్నాను. ఆ రోజు నాకు ఆ వీలు లేదు. నోట్లో ఇంకా అంబలి పులుపు, ఉల్లి ఘాటు ఉండగానే, రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తూ నిలబడ్డాను.