ఎనభై బారల దారం

మా వదిన మారెమ్మకు కోపం వస్తే అరవదు. నాకు భయం వేసేది దానికే. నేనైతే పది మాటలు అనేసి, అరగంటకు మరిచిపోయి, టీ తాగే రకాన్ని. మారతహళ్ళిలో నేను నేల తుడిచే ఆఫీసులో ఎవరినడిగినా భారతి నోటి సంగతి చెబుతారు. వదిన అలా కాదు, కడుపులో పెట్టుకుంటుంది. ఈ ఏడు శివరాత్రి నుంచి మే నెలాఖరు దాకా ఓబులేష్ అనేవాడి కోసం ఆమె ఎట్లా కాచుకుని కూర్చుందో నేను కళ్ళారా చూశాను.

మా అన్న మల్లయ్య, అంటే మారెమ్మ మొగుడు, హొసకోటె అవతల మా ఊరి చెరువులో ముప్పయ్యేళ్ళు చేపలు పట్టాడు. వలతో కాదు, గాలంతో. అదీ గట్టున కూర్చుని వేసే గాలం కాదు. పుట్టిలో నడి చెరువుకు పోయి, ఎనభై బారల దారం వెనక్కి వదిలి, తెడ్డు మెల్లగా వేస్తూ ఈడ్చుకుపోవాలి. దారం కొసన మెరిసే రేకు ఒకటి నీళ్ళలో గిరగిరా తిరుగుతూ వస్తుంది. పారిపోతున్న పిల్లచేప అనుకుని వాలుగ దాన్ని మింగుతుంది. ఎండాకాలంలో పైనీళ్ళు కాగిపోతాయి గనక పెద్ద వాలుగలు మునిగిపోయిన పాత బావి దగ్గర, అడుగున చల్లగా పడుకుంటాయి. నీళ్ళు తగ్గిన ఆ నెలల్లో వల వేయకూడదని మా చేపలవాళ్ళ సంఘం కట్టుబాటు. అందుకే గట్టుకు తెచ్చిన ప్రతి చేప నోరూ తెరిచి, గాలం దెబ్బ ఉందో లేదో సంఘం పెద్ద మునినారాయణప్ప స్వయంగా చూస్తాడు.

అన్న రేకు అంగట్లో కొన్నది కాదు. వదిన పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి నేతి గరిటె. కాడ విరిగిపోతే మిగిలిన గిన్నెను సుత్తితో సాపు చేసి, బెజ్జాలు పెట్టి గాలం తగిలించాడు. వెనకవైపు చుక్కలతో కొట్టించిన వదిన తండ్రి పేరు, వెంకటగిరియప్ప అని, అట్లాగే ఉండిపోయింది. "మా మామను నీళ్ళలో ముంచి తిప్పుతుండానప్పా" అని అన్న నవ్వేవాడు.

అన్నకు చత్వారం వచ్చాక ఆ రేకుకు దారం ముడి వేసేది వదినే. మా చెరువు మీద ఒక పిచ్చి నమ్మకం ఉంది. బాగా చేపలు పడే గాలానికి ముడి విప్పకూడదట, విప్పితే అదృష్టం జారిపోతుందట. అన్న నలుగురిలో తల ఊపేవాడు. ప్రతి అమావాస్యకూ ఇంట్లో తలుపు వేసుకుని, వదిన చేత పాత ముడి కోయించి కొత్తది వేయించుకునేవాడు. వాలుగ పళ్ళకు నలిగిన దారం ముడి దగ్గర రెండు మూడు నెలలకు మించి నిలవదు. ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే.

శివరాత్రి పోయిన వారానికి అన్న నీళ్ళ మీదే గుండె పట్టుకుని పుట్టిలో ఒరిగిపోయాడు. దగ్గర్లో ఇంకో పుట్టిలో ఉన్నది ఓబులేష్ ఒక్కడే. అన్న పుట్టిని తన పుట్టికి కట్టుకుని గట్టుకు లాక్కొచ్చాడు. "చూస్తానే లాక్కొచ్చినా అక్కా, ఒక్క నిమిషం గూడా నిలవలా" అని గుండెలు బాదుకున్నాడు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ అన్న చెయ్యి పట్టి చూసి, "ఒక్క పది నిమిషాలు ముందు తెచ్చి ఉంటే..." అని అక్కడితో ఆపేసింది. దారం, రేకు ఏమయ్యాయని ఎవరో అడిగితే, నీళ్ళలో జారిపోయి ఉంటాయి అన్నాడు ఓబులేష్. ఆ పూట రేకు సంగతి ఎవరికి కావాలి? వాడికి నేను దణ్ణం పెట్టాను. ఈ రెండు చేతులతోనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పదకొండో రోజు విస్తరి ముందు కూర్చుని, వడ నములుతూ అన్నాడు వాడు: "మల్లయ్యన్న పాసు ఊరికే పడుండాది. నా పేరుకు రాసేయండప్పా. ఆడమనిషి పుట్టెక్కి గాలం ఈడుస్తాదా?"

పాసు అంటే ఆ చెరువులో చేప పట్టుకునే హక్కు. అది పోతే వదిన కూడా నాలాగా పొద్దున్నే బస్సెక్కి ఎవరివో నేలలు తుడవాలి. వదిన వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి, "ఈడుస్తా" అంది.

మునినారాయణప్ప గడ్డం గోక్కున్నాడు. "తొలి వాన పడేలోపల నీ చేత్తో ఒక్క వాలుగను పట్టి గట్టుకు తే తల్లీ. పాసు నీదే. లేదంటే ఓబులేశుకు ఇస్తాం" అన్నాడు.

వదిన ఒక స్టీలు చెంచా కోసి రేకు చేసుకుంది. మొదట్లో పుట్టి ఆమె మాట వినేది కాదు, ఉన్నచోటే తిరిగేది. గట్టు మీద మగవాళ్ళు ఈలలు వేసి నవ్వారు. ఏప్రిల్లో ఒక ఆదివారం నేను పోయి, బొబ్బలెక్కిన ఆ అరచేతులకు పసుపు రాస్తుంటే మెల్లగా అంది.

"ఓబులేశు దారం పైకి తీస్తాంటే చూసినా భారతీ. పచ్చగా మెరిసింది."

"ఏంది మెరిసింది?"

"మా నాయన గరిటె."

నేను చెప్పు అందుకున్నాను. ఒట్టు, నిజంగానే అందుకున్నాను. వదిన నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు పోయి అడిగితే నీళ్ళల్లో దొరికిందని మన మొగాన పారేస్తాడు. నాకు గరిటెనా కావాల్సింది?"

"మరేం కావాల?"

"ఆ ముడి నేనేసింది. అదృష్టం పోతాదని వాడు విప్పడు. ఇంక ఎన్నాళ్ళో నిలవదు. ఏ చేప నోట్లో తెగినా, ఆ చేప యాడికి పోతాది? ఈ నీళ్ళల్లోనే కదా ఉండేది" అంది.

మే రెండో వారంలో ఫోన్ వచ్చింది. "తెగింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఓబులేష్ ఆ పూట ఖాళీ దారంతో, పీక్కుపోయిన ముఖంతో గట్టెక్కాడట. ఆఫీసు బాత్రూములో చీపురు పట్టుకుని నేను పకపకా నవ్వుతుంటే సూపర్‌వైజర్ మేఘన పరుగెత్తుకొచ్చింది.

ఆ మరునాటి నుంచి వదిన ఇంకెక్కడికీ పోలేదు. మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళంతా నీడకు చేరే వేళ, పాత బావి చుట్టూ తిరిగి తిరిగి అదే దారి ఈడ్చింది.

మే నెల ఆఖరి ఆదివారం. బెంగళూరు వైపు అపార్ట్‌మెంట్ల మీద మబ్బు నల్లగా దిగింది. గట్టు మీద ఓబులేష్ కాళ్ళు చాపుకుని కూర్చుని, "వాన వస్తాంది. పాసు ఈ పొద్దే రాస్తారా, రేపు రాస్తారా?" అని వెటకారం చేస్తున్నాడు. అప్పుడే వదిన పుట్టి ఒక్కసారి గిర్రున తిరిగింది. దారం బిగిసింది. వదిన తెడ్డు వదిలేసి, రెండు చేతులా వదులుతూ లాగుతూ, లాగుతూ వదులుతూ అరగంట పోరాడింది. గట్టుకు తెచ్చి పడేసిన వాలుగ నా నడుము దాకా ఉంది. ఈలలు వేసిన నోళ్ళన్నీ మూతపడ్డాయి.

మునినారాయణప్ప కట్టుబాటు ప్రకారం చేప నోరు తెరిచాడు. దవడకు స్టీలు చెంచా వేలాడుతోంది. సరేనని మూయబోయి మళ్ళీ వంగి చూశాడు. "లోపల ఇంకోటి ఉండాది" అన్నాడు. కటింగ్ ప్లేయరుతో లాగి, తువ్వాలుతో తుడిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. "వెంకట... గిరియప్ప."

అందరూ ఓబులేష్ వైపు తిరిగారు. వాడు తడబడ్డాడు. "నీళ్ళల్లో తేలుతాంటే తీసుకున్నా."

"ఇత్తడి తేలుతాదేమిరా?" అన్నారెవరో.

"సరేనప్పా, తీసుకున్నా! చచ్చినోడికి రేకెందుకు? తప్పే. ఇదో, దారం గూడా ఇచ్చేస్తుండా" అని పుట్టిలో నుంచి దారం చుట్టిన పలక తెచ్చి వదిన కాళ్ళ దగ్గర పడేశాడు. అది అన్న పలకే. అరచేయంత చెక్క.

"పాసు నీదే తల్లీ" అన్నాడు మునినారాయణప్ప. అయిపోయిందనుకుని జనం లేవబోయారు. నేను కొంగు దోపుకుని వాడి చెంప కోసం చూస్తున్నాను. వదిన పలక తీసుకుని, దారం కొస నా చేతికిచ్చింది.

"పట్టుకుని గట్టెంబడి పో భారతీ. అయిపోయేదాకా పో."

నడిచాను. ఎనభై బారలూ గట్టు మీద పరుచుకున్నాయి. వదిన ఖాళీ పలక ఓబులేష్ చేతిలో పెట్టింది. ఆమె గొంతు లేవలేదు కానీ అంత దూరంలో ఉన్న నాకూ వినబడింది.

"ఆ పొద్దు మా ఆయన పడిపోయినప్పుడు దారం మొత్తం నీళ్ళల్లో ఉండింది. చుట్టకుండా అది నీ చేతికి రాదు. ఒక్క నిమిషం గూడా నిలవలేదన్నావే. చుట్టప్పా ఓబులేశూ. ఎంతసేపు పడతాదో చూస్తాం."

వాడు చుట్టూ చూశాడు. అక్కడున్న వాళ్ళంతా రోజూ దారం చుట్టేవాళ్ళే. వాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కడూ దారి ఇవ్వలేదు. వాడు చుట్టడం మొదలుపెట్టాడు. దారం చిక్కు పడింది. చిక్కు తీసుకుని మళ్ళీ చుట్టాడు. ఒక్కొక్క అడుగే నా వైపు వస్తున్నాడు. తొలి చినుకులు పడ్డాయి. ఎవరూ కదల్లేదు.

కొస కోసం నా ముందు చెయ్యి చాపినప్పుడు వాడు ఏడుస్తున్నాడు. నేను ఫోన్లో టైము చూశాను.

"ఎంతయింది భారతీ?" అని అరిచింది వదిన. ఆమె అరవడం నేను విన్నది అదొక్కసారే.

"పదకొండు నిమిషాలు" అన్నాను.