ద్వీపానికి నైరుతి మూల

మా తమ్ముడు డాక్టరీ చదవడానికి గ్రెనడా వెళ్తానని చెప్పిన రోజు, అది దేశమో ఊరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మేం కాపురం పెట్టిన కొత్తల్లోనే వాడు వచ్చి, మా దగ్గరే ఉండి డిగ్రీ పూర్తి చేశాడు. ఇక్కడి మెడికల్ కాలేజీలు వరసగా రెండేళ్ళు సీటు లేదు పొమ్మన్నాయి. అప్పుడు ఆ దీవిలో అమెరికా పిల్లల కోసం పెట్టిన కాలేజీ వాడి కంటపడింది. మా ఆయన లైబ్రరీ నుంచి పెద్ద అట్లాసు మోసుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచారు. వెనిజులాకి పైన, నీలం రంగులో పేరైతే ఉంది గాని దేశం కనపడలేదు. పేరు రాయడానికి దేశంలో చోటు చాలక సముద్రంలో రాశారు. భూతద్దం పెట్టి వెతికితే చుక్క ఒకటి తేలింది.

"దీనికి వీసా కూడానా!" అన్నాను.

"వీసా ఏవిటి, ప్రధానమంత్రే ఉన్నాడు," అన్నారు మా ఆయన.

ఆయనకి అన్నీ వేళాకోళమే. ఆ చుక్క చుట్టూ ఉన్న నీలం చూసి నేను అట్లాసు మూసేశాను. నేను పుట్టు పిరికిదాన్ని. విమానమంటే భయం, లిఫ్టంటే భయం, టెలిగ్రామంటే సరేసరి. పైగా మాది దివిసీమ. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు నేను ఇక్కడ మంచు చూస్తూ కూర్చున్నాను, అక్కడ మావాళ్ళు ఉన్నారో లేరో తెలియలేదు. చివరికి అందరూ బతికే ఉన్నారని కబురు వచ్చింది గాని, అది వచ్చేదాకా నేను మనిషిని కాను. అప్పట్నుంచీ చుట్టూ నీళ్ళున్న నేలంటే నాకు నమ్మకం లేదు.

నా నమ్మకంతో ఎవరికి పని? వాడు వెళ్ళాడు. మరుసటి వేసవి సెలవులకి నల్లగా, హుషారుగా తిరిగొచ్చి, గ్రోసరీ బ్యాగు ఒకటి చింపి దాని మీద దేశం మొత్తం గీశాడు. మామిడి టెంకలా ఉంది. మధ్యలో నిలువునా కొండలు. ఆ కొండల నడుమ, చల్లారిన అగ్నిపర్వతం నోట్లో ఒక చెరువు.

"అక్కడెప్పుడూ మబ్బే అక్కా. కింద బీచ్‌లో ఎండ మాడుస్తుంటే పైన స్వెట్టర్ వేసుకోవాలి," అన్నాడు.

తూర్పు ఒడ్డున గాలీ అలలూ ఎక్కువట, పాత ఎయిర్‌పోర్టు అటే. పడమటి ఒడ్డు నెమ్మదైనది. చేపలు పట్టే ఊళ్ళు, జాజికాయ ఆరబెట్టే షెడ్లు అటువైపు. ఉత్తరాన సముద్రంలో ఇంకో రెండు చిన్న దీవులు, అవీ ఆ దేశంవే. వానలన్నీ కొండలు తాగేస్తే దక్షిణం చివర పొడినేల మిగిలింది. అక్కడ భూమి చేతివేళ్ళలా సముద్రంలోకి చాచుకుని ఉంటుంది, వేలికీ వేలికీ మధ్య నీళ్ళు. కాలేజీ, రాజధాని, కొత్తగా కడుతున్న రన్‌వే, అన్నీ ఆ మూలే.

"ఏ మూల?" అన్నాను.

"సౌత్‌వెస్ట్."

"నైరుతా! నైరుతి పల్లమై నీళ్ళు నిలిస్తే మగపిల్లలకి మంచిది కాదురా."

"చూశావా, మీ అక్క సముద్రానికి వాస్తు చూస్తోంది," అని మా ఆయన వాడి వీపు మీద చరిచారు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా భయం ఎవరికీ లెక్కలేదు.

ఆ సెలవుల్లోనే వాడు ఇంకో సంగతి చెప్పాడు. హాస్టల్ వదిలేశాడట. కారణం పోపు. ఆదివారం చారుకి గదిలో హాట్‌ప్లేట్ మీద పోపు పెడితే, ఎండుమిరపకాయల ఘాటుకి అంతస్తంతా దగ్గి, తలుపు బాదారట. హాస్టల్ తిండి వాడికి గొంతు దిగదు. చివరికి హాస్టలున్న వేలు వదిలి, తూర్పున పక్క వేలి మీద ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాడు. ఆ చోటుని లాన్సోపీన్ అంటారట. ఆవిడ భర్త పోయాడు. వంటింట్లో పోపు పెడితే పక్కన నిలబడి ముక్కు ఎగబీలుస్తుందట.

"మరి కాలేజీవాళ్ళకి చెప్పావా, ఇల్లు మారానని?"

"లేదక్కా. నువ్వు పంపే పార్సెల్స్ హాస్టల్ అడ్రస్‌కే సేఫ్‌గా వస్తున్నాయి. మారిస్తే కందిపప్పు మిస్ అవుతుంది."

అది సబబుగానే తోచింది నాకు. పప్పు పోవడం కంటే పెద్ద ప్రమాదం ఆ రోజు మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు.

ఎనభై మూడు అక్టోబరులో ఆ దేశం ప్రధానమంత్రిని సొంతవాళ్ళే కాల్చి చంపారు. టీవీలో ఒక్క నిమిషం చెప్పి, వాతావరణ వార్తల్లోకి వెళ్ళిపోయారు. పగలూ రాత్రీ కర్ఫ్యూ అన్నారు, బయట కనిపిస్తే కాల్చేస్తారన్నారు. ఫోన్ చేస్తే కీచుమని మోత, తర్వాత నిశ్శబ్దం. వాడి ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో, నీళ్ళు వస్తున్నాయో లేదో, ప్రతీదీ భయమే. అన్నం కలుపుకుంటే ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు.

మా వీధి చివర గుంటూరమ్మాయి ఒకామె ఉండేది, హాస్పిటల్లో నర్సు. ఆదివారాలు ఎవరింటి బేస్‌మెంట్‌లోనో తెలుగు ప్రార్థన జరిగితే ఆమే పాటలు ఎత్తుకునేది. ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"వదినా, టీవీ పెట్టు. మనోళ్ళు దిగార్ట అక్కడ."

మనోళ్ళంటే అమెరికా సైన్యం. అక్కడ చదువుకుంటున్న పిల్లల్ని కాపాడి తేవడానికట. టీవీలో బొమ్మలు లేవు. విలేకరుల్ని అక్కడికి రానివ్వలేదట. ఒక మ్యాపు మాత్రం ఉంది. అదే మామిడి టెంక. దాని మీదికి రెండు ఎర్ర బాణాలు. ఒకటి తూర్పున పాత ఎయిర్‌పోర్టు మీదికి, రెండోది నైరుతి మూలకి. బాణం మొన తగిలిన చోటే మా తమ్ముడున్నాడు.

ఆ సాయంత్రానికి రన్‌వే పక్క హాస్టల్, మా వాడు వదిలేసినదే, సైన్యం చేతికొచ్చిందనీ, అక్కడి పిల్లలందరూ క్షేమమనీ చెప్పారు. అంతే, మా ఫోన్ ఆగలేదు. వాడు ఆ దీవిలో చదువుతున్నాడని తెలిసిన తెలుగువాళ్ళందరూ చేశారు. "గండం గడిచింది, ఇక స్వీట్లు పెట్టండి," అని ఒకాయన. ఒకావిడ నిజంగానే లడ్డూ డబ్బాతో వచ్చేసింది. అందరికీ అది ఒకే చుక్క. ఆ చుక్కలో వేళ్ళున్నాయని, ఒక వేలి మీద సైన్యం ఉంటే పక్క వేలి మీద ఎవరున్నారో దేవుడికే తెలియాలని ఎంతమందికి చెప్పను? లడ్డూ డబ్బా తెచ్చినావిడని గుమ్మంలోనే నిలబెట్టి, "వాడక్కడ లేడండీ!" అని అరిచాను. ఆవిడ బిత్తరపోయింది.

కుటుంబాలు సమాచారం కనుక్కోవడానికి వాషింగ్టన్‌లో ఒక నంబరిచ్చారు. ఎన్నోసార్లు డయల్ చేస్తే లైను దొరికింది.

"మీ తమ్ముడు హాస్టల్లో ఉన్నట్టు నమోదైంది మేడమ్. హాస్టల్ సురక్షితం," అంది అవతల అమ్మాయి.

"అక్కడ ఉండటం లేదు. బయట గది తీసుకున్నాడు."

"ఎందుకు?"

"వంట చేసుకోవడానికి."

"హాస్టల్లో భోజనం ఇస్తారు కదా?"

పోపుని ఇంగ్లీషులో ఎలా చెప్పను? నూనె కాచి ఆవాలు వేస్తే చిటపటలాడతాయనీ, మిరపకాయలు వేస్తే పక్కవాళ్ళు దగ్గుతారనీ, అందుకని వాడు ఆ కప్పు కింద లేడనీ, ఏడుస్తూ చెప్పాను. ఆ పిల్ల ఓపిగ్గానే విన్నది. పక్క వేలి పేరు రెండుసార్లు పలికించుకుని, సైన్యానికి చేరవేస్తామంది. మా ఆయన పక్కన నిలబడి అంతా విన్నారు. ఆ రోజు ఆయన నవ్వలేదు. గ్రోసరీ బ్యాగు మ్యాపు తెచ్చి టీవీకి పక్కనే గోడకి అంటించారు.

మర్నాడు బీచ్ ఒడ్డునున్న కాలేజీ రెండో హాస్టల్ పిల్లల్ని హెలికాప్టర్లలో తెచ్చారన్నారు. పక్క వేలి ఊసు ఎవరూ ఎత్తలేదు. సౌత్ కరోలినాలో విమానం దిగుతున్న పిల్లల్ని మాత్రం చూపించారు. ఒక కుర్రాడు మోకాళ్ళ మీద పడి నేలని ముద్దు పెట్టుకున్నాడు. నేను టీవీ తెరకి జానెడు దూరంలో కూర్చుని ప్రతి మొహం చూశాను. నల్ల జుట్టు కనపడితే గుండె ఎగిరేది, ఇటు తిరిగితే జారిపోయేది. గుంటూరమ్మాయి నైట్ డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చి మా వంటింటి లినోలియం మీద మోకరించింది.

"రా వదినా, నువ్వూ కూకో," అంది.

కూర్చున్నాను. ఆమె ప్రభువుని పిలిచింది, నేను వెంకన్నని పిలిచాను. ఆ బాణాలకి కూడా దణ్ణం పెట్టాను. ఇంకా నాలుగు బాణాలు వెయ్యండి, అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ ఊడ్చెయ్యండి, మా వాణ్ణి మాకివ్వండి అని పైకే అన్నాను. గుంటూరమ్మాయి నా చెయ్యి నొక్కింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తీయడానికి భయమేసి మూడుసార్లు మోగనిచ్చాను.

"అక్కా, నేనే. సౌత్ కరోలినాలో దిగాం."

వాడు హలో హలో అంటూనే ఉన్నాడు. చివరికి మా ఆయన ఫోన్ లాక్కుని మాట్లాడారు.

ఇంటికొచ్చాక వాడు రెండు రోజులు నిద్రే పోయాడు. మూడోరోజు ముద్దపప్పు, చారు పెట్టాను. చారులో పోపు వేసినప్పుడు వాడు వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. నాలుగు ముద్దలు తిన్నాక చెప్పడం మొదలుపెట్టాడు.

తెల్లవారుతుండగా విమానాల మోత వచ్చిందట. ఇంటావిడ పరుపులు లాగి కిటికీలకి అడ్డం పెట్టి, వాణ్ణి మంచం కిందికి తోసి, తను కుర్చీ వేసుకుని తలుపు దగ్గర కూర్చుంది. వెనకటికెప్పుడో మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళ సంతానం ఆ దీవిలో ఉన్నారు. కాబట్టి అమెరికా పిల్లల్ని వెతుకుతూ ఎవరైనా వస్తే, వీడు మా ఊరివాడే, నా దగ్గర పెరిగాడని చెప్తానందట. జీపులో అమెరికా సైనికులు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదట, నీళ్ళకి తప్ప.

"ఎంత ధైర్యంరా ఆవిడకి!" అన్నాను.

"ధైర్యం కాదక్కా, వణుకుతూనే ఉంది. మోత వచ్చినప్పుడల్లా మా రోడ్డు వైపు కాదు, టౌన్ వైపు చూసేది. టౌన్ మీద కొండ ఉంటుంది, దాని మీద కోట. ఆవిడ కొడుకు అక్కడే ఉన్నాడు."

"కోటలో ఏం పని?"

"వాళ్ళ ఆర్మీలో చేరాడు. పంతొమ్మిదేళ్ళు. మనవాళ్ళ విమానాలు బాంబులేసింది ఆ కొండ మీదే."

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. వాడు కంచంలోకి చూస్తూ చెప్పుకుపోయాడు. జీపు ఎక్కేముందు ఆవిడ ఒక సైనికుడి చెయ్యి పట్టుకుని, కొండ మీద మా అబ్బాయి ఉన్నాడు, చిన్నవాడు, అని రెండుసార్లు చెప్పిందట. సైనికుడు టోపీ ముట్టుకుని, టైమ్ లేదన్నాడట. వీడు జీపులోంచి వెనక్కి చూస్తుండగానే అది మలుపు తిరిగిపోయింది. మిగిలిన అన్నం వాడు తినలేకపోయాడు. నేనూ తినమనలేదు.

ఆ రోజు నుంచీ వాడు రోజూ ఆవిడ ఇంటి నంబరు డయల్ చేసేవాడు. అదే కీచుమనే మోత. ఒక ఆదివారం ఉదయం హఠాత్తుగా లైను కలిసింది. వాడు కాసేపు మాట్లాడి, ఎక్కువసేపు విని, మొహం తిప్పుకుని రిసీవరు నా చేతిలో పెట్టాడు. "నీతో మాట్లాడుతుందట," అన్నాడు.

ఆవిడ గొంతు నేననుకున్నదాని కంటే చిన్నది. మాటలో ఒక సాగతీత ఉంది. "నువ్వేనా అక్కవి?" అంది. "పిల్లాడు బాగా చిక్కిపోయాడా? సరిగ్గా తింటున్నాడా?"

తింటున్నాడన్నాను. మా తమ్ముణ్ణి కాపాడావమ్మా, నీ రుణం తీర్చుకోలేను, అని నాకొచ్చిన ఇంగ్లీషులో ఏదో అన్నాను. అడగాలంటే నాకు భయం. అడక్కుండా ఫోన్ పెట్టేయాలంటే ఇంకా భయం.

"మీ అబ్బాయి?" అన్నాను.

గరగర మధ్య రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"కొత్త రన్‌వే దగ్గర, మీ సైన్యానికి దొరికిన మా కుర్రాళ్ళని కంచె వేసి ఉంచారు," అంది ఆవిడ. "రోజూ నడిచి వెళ్తున్నాను. బయట నిలబడి చూస్తున్నాను. వాడి మొహం ఇంకా కనపడలేదు."

మా వాడు ఇంటికొచ్చి అప్పటికి మూడు వారాలు.