డాబా మీద ఉప్పునీళ్ళు

మా తమ్ముడు గల్ఫ్‌లో సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో చాలా ఏళ్ళు పనిచేశాడు. కిందటేడు పని పోయి బోధన్‌లోని మా ఇంటికి వచ్చాడు. నేను బడిలో టీచర్ని. అవ్వ నా దగ్గరే ఉంటుంది. అమ్మను మేం అలాగే పిలుస్తాం. వచ్చిన కొత్తలో వాడు మంచం దిగేవాడు కాదు. పలకరిస్తే "ఆఁ" అనేవాడు, అంతే.

ఒకనాడు అన్నం పెడుతూ అవ్వ అడిగింది: "సముద్రం నీళ్ళల్లకెల్లి ఉప్పు ఎట్ల తీస్తరు బిడ్డా?"

"నోటితోని చెప్తే సమజ్ గాదవ్వా. ఎండతోని చేసి చూపెడ్త, ఆగు" అన్నాడు.

మర్నాడు డాబా ఎక్కాడు. పాత రేకు తొట్టికి నల్లరంగు వేసి, బోరునీళ్ళలో ఉప్పు కలిపి నింపాడు. పైన కిటికీ అద్దాన్ని ఏటవాలుగా మూశాడు. ఎండకు నీళ్ళు ఆవిరై, అద్దం లోపలివైపు చెమటలా పట్టి, జారి, అంచున ఉన్న గొట్టంలోంచి సీసాలో పడాలి. సాయంత్రానికి సీసా అడుగు మాత్రం తడిసింది.

అవ్వ సీసా ఎత్తి చూసింది. "గింతేనా? పిట్టకు గూడ సాలవు గదరా!"

మళ్ళీ మంచమెక్కుతాడేమో అనుకున్నాను. వాడు పకపకా నవ్వాడు. ఇంటికొచ్చాక వాడి నవ్వు వినడం అదే మొదలు.

ఇక డాబా మీదే కాపురం. ముందు తొట్టిలో నీళ్ళు తగ్గించాడు. "లోతెక్కువుంటే ఎండంత నీళ్ళు వేడి చేసుడుకే పోతున్నదక్కా. ఇగ ఆవిరెప్పుడైతది?" అడుగునుంచి వేడి పోకుండా తొట్టి కింద వరి ఊక కూరాడు. సందుల్లోంచి ఆవిరి జారిపోకుండా సైకిలు ట్యూబు కోసి అంచులకు బిగించాడు. చుక్కలు మళ్ళీ తొట్టిలోనే రాలుతుంటే అద్దం వాలు పెంచాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, నల్లరంగు అద్దిన గోనెపట్టాను నీళ్ళ మీద తేలేలా పరిచాడు. పట్టా పీల్చుకున్న పలచని తడి తొందరగా వేడెక్కుతుందట.

సీసా సగం దాకా నిండే రోజుల్లో కోతులు అద్దం పగలగొట్టాయి. వాడు గాజుపెంకుల పక్కన కూలబడిపోయాడు. నేను కిందికి దిగి షోకేసు అద్దం ఊడదీసి తెచ్చాను.

"అక్కా, నీ షోకేసు!"

"ఉండనియ్‌రా. గిన్నెలకు అద్దమెందుకు?"

ఎండలు ముదిరేసరికి మధ్యాహ్నం దాటకముందే సీసా నిండింది. అవ్వ గ్లాసులో పోసుకుని తాగి, ముఖం చిట్లించింది. "సప్పగున్నయి బిడ్డా. ఉప్పుతోటి రుచి గూడ పోయింది."

"ఆడ గూడ గిట్లనే తాగరవ్వా. మళ్ల జర సున్నం గిట్ల కలుపుతరు."

"ఉప్పు తీసుడెందుకు, సున్నం కలుపుడెందుకురా!" అంటూనే గ్లాసు ఖాళీ చేసింది.

మిగిలిన నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీలో పోశాం. సంగతి తెలిసి పక్కింటివాళ్ళు కూడా తమ బ్యాటరీకి అడిగి పట్టుకెళ్ళారు. వాళ్ళ బంధువొకాయన నిజామాబాద్‌లో సోలార్ హీటర్లు బిగిస్తాడు. ఒకసారి డాబా ఎక్కి అంతా చూసి, తమ్ముణ్ణి పనిలోకి రమ్మన్నాడు. ఇప్పుడు వాడు పొద్దున్నే బస్సెక్కుతాడు. ఆదివారాలు మాత్రం మా డాబావే. ఈమధ్య రెండో తొట్టి వెలిసింది. నేను బట్టలారేసే తీగను అక్కణ్ణుంచి విప్పి వాకిట్లో కట్టుకున్నాను.