అరవై దాటితే వణికే బండి

మొన్న బ్రూక్షాబాద్‌లో మా ఇంటి దగ్గరి టైర్ల దుకాణంలో పనివాడు నా కారు చక్రం అంచుకు చిన్న సుత్తితో సీసం ముక్క బిగిస్తుంటే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. "దీదీ, పాంచ్ మినిట్ బైఠో నా" అని అతను రెండుసార్లు బతిమాలాడు. కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. పైగా ఆ సీసం ముక్క కనిపిస్తే నాన్న పాత పికప్ గుర్తుకొచ్చి తీరుతుంది.

నాన్న మా దీవుల్లో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో చేపలు పట్టేవాడు. నడుము సహకరించక పడవ దిగాక, ఆ పికప్ కొని జెట్టీ నుంచి చుట్టుపక్కల ఊళ్లకు చేపలు చేరవేసేవాడు. ఎన్నిసార్లు కడిగినా దాని వాసన పోయేది కాదు. పట్టుచీర కట్టుకుని అందులో పెళ్లికి వెళితే చీర కూడా జెట్టీలోనే కొన్నట్టుండేది. మూడేళ్ల కిందట, అరవై దాటితే బండి వణుకుతోందని నాన్న గోల మొదలుపెట్టాడు. మెకానిక్కు బజారు చుట్టూ తిప్పి చూసి, ఏమీ లేదు పొమ్మన్నాడు. మా బజారులో ముప్పై దాటితే మేక అడ్డం వస్తుంది, ఇక అరవై ఎక్కడ అందుకుంటాడు? అప్పటికే నాన్న చేతిలో టీ గ్లాసు తొణుకుతోంది కాబట్టి, వణికేది బండి కాదని అన్నయ్య తేల్చేశాడు. "నానడిగితే నాన్న తాళం ఇవ్వడు. నువ్వే వొచ్చి తీసుకో" అని ఫోన్ చేశాడు. తాళం పోతే నాన్న రోజంతా ఇంట్లో ఏం చేస్తాడు? ఈ ఆలోచనతోనే మాయాబందర్ బస్సెక్కిన నేను, అడవి దారి చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నిటినీ కలిపి ఒకే వరుసగా వదిలేదాకా నాలుగుసార్లు దిగి ఎక్కాను.

మర్నాడు పికప్‌లో నాన్న పక్కన కూర్చున్నాను. ఆ చుట్టుపక్కల కొత్తగా వేసిన తిన్నటి రోడ్డు ముక్క ఒక్కటే ఉంది. అరవై దాటగానే స్టీరింగు మీద ఆయన చేతులు గడగడలాడాయి. అన్నయ్య మాటే నిజమనుకున్నాను. నాన్న బండి ఆపి దిగాడు.

"నా సేతులే అనుకుంతన్నావు గదా. నువ్వు తోలు, సూద్దాం."

తోలాను. అరవై రెండు దగ్గర నా పళ్లు టకటకలాడాయి. "అరే, బండే నాన్నా!" అని కేక పెట్టాను. ఆయన ఎన్నికల్లో గెలిచినవాడిలా మీసం దువ్వాడు.

నేరుగా టైర్ల దుకాణానికి పోయాం. దుకాణం అతను ముందు చక్రాలు విప్పి, "చాచా, ఇస్‌మే తో వెయిట్ హీ నహీ హై" అన్నాడు. చక్రం తూకం తప్పకుండా అంచుకు కొట్టే సీసం ముక్కలు ఒక్కటీ లేవు. నాన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వానల్లో నా విసురువల సీసం ఊడిపోనాది. దుకానంలో దొరకనేదు. సక్రానికి సీసం దేనికిలే అని పీకి వలకి కట్టేసినాను."

జీవితమంతా సీసాన్ని వల అంచునే చూసిన మనిషి! నేను కడుపు పట్టుకుని నవ్వాను.

కొత్త ముక్కలు కొట్టించాక, తిరుగు దారిలో నాన్నే తోలాడు. అదే రోడ్డు, అరవై ఐదు. స్టీరింగు ఇసుమంత కూడా అదరలేదు. దాని మీద నాన్న చేతులు మాత్రం సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ బండి అదురులో అది ఆయనకీ తెలియలేదు కాబోలు. నేను గబుక్కున కిటికీ వైపు తిరిగాను. ఆయన ఇంకొంత దూరం తోలి, బండి పక్కకు తీసి ఆపాడు.

"మీ అన్న సెప్పింది గూడా అబద్దం కాదే తల్లీ" అంటూ తాళం తీసి నా ఒళ్లో పెట్టాడు.

"ఇంకో ఏడాది తోలు నాన్నా" అన్నాను. తాళం తీసుకుపోవడానికి వచ్చినదాన్ని నేనే.

"సాల్లే. దిగి ఇటు రా."

నాకు ఏడుపు ఆగలేదు. కాలం చెప్పాపెట్టకుండా వస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. నాన్నకు అది చెప్పే వచ్చింది, ఆయన విని లేచి చోటిచ్చాడు, ఇంకో ఏడాది ఆగమని బతిమాలింది నేను.