వేట లేని నెలలో తీసిన లెక్క

పలాస నుంచి టెక్కలి మీదుగా తీరానికి వేయాలనుకున్న లైట్ రైల్ నివేదికలో ఒక వాక్యం ఉంది: "భావనపాడు వద్ద ప్రయాణికుల రద్దీ నామమాత్రం." రేపు ఏదో ఆఫీసులో ఎవరో అది చదివి నిజమనుకుంటారు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మే అలవాటు నాకూ ఉంది. పదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా పలాస గ్రంథాలయంలో చదువుకున్నవాణ్ణి. అందుకే ఆ వాక్యం ఎలా పుట్టిందో కూడా అచ్చులోనే ఉండాలి.

నిరుడు మే నెల. రైడర్‌షిప్ సర్వేకి, అంటే రైలు వేస్తే ఎక్కడ ఎంతమంది ఎక్కుతారో అంచనా కట్టే పనికి, నేను సూపర్‌వైజర్‌ని. రోడ్ల మీద జనాన్ని లెక్కపెట్టించడం ఏళ్ల తరబడి నా వృత్తి. మా బృందాన్ని తీరంలో జాలర్ల ఊరైన భావనపాడు మలుపులో నిలబెట్టారు. రోడ్డు ఖాళీ. హార్బరులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం వేట ఆపిస్తుంది. వేట లేకపోతే ఆడవాళ్లకు చేపల తట్ట లేదు. తట్ట లేకపోతే ప్రయాణం లేదు.

పలాస వీధుల్లో చేపలమ్మే నూకాలమ్మ ఒట్టి చేతులతో వచ్చి మా గొడుగు నీడలో నిలబడింది.

"ఏటి బాబూ, కాకుల్ని లెక్కెడతన్నావా?"

"మనుసుల్నే అప్పా. రైలిక్కడ ఆగాలా వద్దా తేల్సడానికి."

"ఏట లేనప్పుడు మనుసులెక్కడుంటారు? పడవలు దిగినాక రా. నీకు నిలబడ్డానికి సోటు దొరికితే నన్నడుగు." పడీ పడీ నవ్వి, కాసేపటికి గొంతు తగ్గించింది. "నిజంగా ఆగతాదా బాబూ? తట్ట సూత్తే బస్సోడు ఆపడు. ఆటోవోడు కంపంటాడు. మేం సేరేసరికి ఎండెక్కీసి సేప మెత్తబడిపోతంది. రైలుంటే బతికీమన్నమాటే."

సాయంత్రం టెక్కలిలోని రైలు ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లాను. జనం లెక్క మామూలు రోజుల్లో తీయాలని గ్రంథాలయంలో చదివిన సంగతి కాస్త గర్వంగానే ఇంజినీరు గారికి చెప్పాను. వేట నిషేధం ఆయనకు తెలియదేమో అనుకున్నాను.

"ఆ పుస్తకాలు నేనూ చదివానయ్యా. నిషేధం సంగతీ తెలుసు."

"మరి పడవలు దిగేదాకా ఆగొచ్చు కదా సార్?"

ఆయన మ్యాప్ తిప్పి అలైన్‌మెంట్, అంటే పట్టాలు వెళ్లే గీత, చూపించాడు. హార్బరు వైపు సాగాల్సిన గీత మధ్యలోనే ఒంపు తిరిగింది. కొబ్బరితోట కొట్టేసి ప్లాట్లు వేసిన లేఅవుట్ ముందు స్టేషన్ గుర్తు ఉంది.

"ఇక్కడ ఇళ్లే లేవు కదా సార్?"

"వస్తాయి. దాన్ని రాబోయే జనాభా అంటారు. స్టేషన్ ఎక్కడో పైవాళ్లు ముందే అనుకున్నారు. నువ్వు వచ్చిన అంకె ఇవ్వు, చాలు."

కట్టని ఇళ్లలో ఉండబోయేవాళ్లు లెక్కకొచ్చారు. పుట్టినప్పటి నుంచి అక్కడే బతుకుతున్నవాళ్లు రాలేదు. తెలియక చేసి ఉంటే క్షమించేవాణ్ణి. తెలిసే చేశారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది.

వానాకాలంలో టెక్కలిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, నివేదికను తెలుగులో చదివే పని నాకిచ్చారు. భావనపాడు వాక్యం చదివి, "ఈ లెక్క వేట నిషేధంలో తీసింది" అని నా మాటగా కలిపాను. మైకు ఆగిపోయింది.

వీధివీధికీ కేకేసి అమ్మే నూకాలమ్మకు మైకెందుకు? జనంలోంచి తట్టతో సహా నడిచొచ్చి వేదిక ముందు దింపింది. ముందు కుర్చీలోని నాయకుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"కంపా బాబూ? భావనపాడులో మనుసుల్లేరని రాసీసినారు గదా. లేని మనుసుల కంపు తమరి ముక్కుకెలాగ తగిలినాది?"

హాలు గొల్లుమంది. నాయకుడూ నవ్వాడు. "పరిశీలిస్తాం తల్లీ" అన్నాడు.

పరిశీలించారు. తుది మ్యాప్‌లో భావనపాడు దగ్గర చుక్కలతో ఒక సున్నా గీసి, భవిష్యత్తులో స్టేషన్ అని రాశారు. లేఅవుట్ స్టేషన్ నిండు రంగులో ఉంది. ఆ తర్వాత నన్ను ఏ సర్వేకీ పిలవలేదు.

లెక్క తప్పడం వేరు, తప్పేలా లెక్కపెట్టడం వేరు. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే. ఎంతమంది అని అడిగే ముందు, ఏ రోజున లెక్కపెట్టారని అడగండి.

అడిగిన పుస్తకమల్లా వెతికి తీసిచ్చిన లైబ్రేరియన్ సరోజిని గారికి కృతజ్ఞతలు. మీటింగుకు తట్టలతో సహా ఆడవాళ్లను ఎక్కించుకొచ్చిన ఆటో దాలయ్యకు కృతజ్ఞతలు. నూకాలమ్మకు, ఆమె వెంట వచ్చిన ఎర్రమ్మకు, పోలమ్మకు, లచ్చమ్మకు, పెద దానమ్మకు, చిన దానమ్మకు కృతజ్ఞతలు. ఈ ఆడవాళ్లందరిదీ భావనపాడే. వీళ్లున్నారు.